పట్టికలో ఒక పేరు

(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు తలిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమునాడు బహుమతులను గూర్చియు, ఆటపాటలను గూర్చియు చెప్పుట వాడుక. అవి మరికొంత సేపటిలో పిల్లలే మీకు చూపుదురు. మేము మాత్రము ఈ సాయంకాలము ఒక లెక్క మీ ముందుంచ దలచితిమి. బడికి ఉపాధ్యాయులు ఎట్లు వత్తురు, పుస్తకములు ఎట్లు వచ్చును, జీతములకు ధనము ఎట్లు వచ్చును, వీటన్నిటికిని మీ ఇంటి బిడ్డ పేరునకును గల సంబంధమేమి అనునది ఆ లెక్క. ఇది మీకు తెలుపుట మా విధి.

మొదట హక్కు మాట. భాషచేత అల్పసంఖ్యాకులైన వారు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనవచ్చునని మన రాజ్యాంగము 30వ అధికరణమున చెప్పినది. సహాయద్రవ్య మిచ్చునపుడు, ఇది అల్పసంఖ్యాకుల బడి అను కారణమున భేదము చూపరాదనియు ఆ అధికరణమే శాసించినది. 1956లో ఏడవ సవరణచే 350ఏ అధికరణము చేరినది. ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని దాని భావము. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. 1960లో తిరుత్తణి ప్రాంతపు ఎల్లలు మారినవి. ఎల్లలు ఎట్లు గీసినను ఈవల నిలిచిపోయిన తెలుగువారు ఉండిరి, ఉన్నారు. బళ్లారిలోను, బరంపురములోను, షోలాపురములోను ఉన్నవారికివలెనే హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని మనకును ఈ అధికరణములే ఆధారము.

అయితే హక్కు పుస్తకమున నున్నంత మాత్రమున పాఠము జరుగదు. తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయమున తెలుగు తాళపత్ర గ్రంథములు భద్రముగా నున్నవి. వానిని తలచుకొని మనము గర్వింపవచ్చును. కాని పెట్టెలోని తాళపత్రము మన ఒకటవ తరగతికి ఉపాధ్యాయుని తేజాలదు. 2011 జనగణనలో తమిళనాట తెలుగు తమ మాతృభాష అని చెప్పినవారు సుమారు 42 లక్షలమంది. ఆ సంఖ్యయు తేజాలదు. తేగలిగినది ఒక్కటే: ఈ బడి ప్రవేశ పట్టికలో వ్రాయబడిన పేర్లు.

ఈ నియమము నేటిది కాదు. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రులు సమావేశమై ఒక కొలత నిర్ణయించిరి. ఒక తరగతిలో 10 మందియైనను, బడి మొత్తములో 40 మందియైనను ఒక భాషవారు ఉన్నచో వారికి ఆ భాషలో బోధించుటకు ఉపాధ్యాయుని ఏర్పాటు చేయవలెను. ఉన్నత తరగతులకు తరువాత అంగీకరింపబడిన కొలత తరగతికి 15 మంది, పై నాలుగు తరగతులకు కలిపి 60 మంది. ఎవరు ఏ భాషలో చదువగోరుదురో ముందుగనే నమోదు చేయు పట్టికలు బడులలో ఉండవలెనని కూడ ఏర్పాటైనది. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని మన పెద్దలు చెప్పిరి. ఆ పట్టికలో పేరు వ్రాయించుటయే మనము అడుగు పద్ధతి.

ఇక ఒక్క పేరు ఎంత పని చేయునో చూడుడు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రాథమిక పాఠశాలలకు ఒక లెక్క యిచ్చినది. 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుండి 90 వరకు ముగ్గురు, 91 నుండి 120 వరకు నలుగురు. ఆ చట్టము అల్పసంఖ్యాకుల సంస్థలకు వర్తింపదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మాట నిజమే. కాని ప్రభుత్వము జీతమిచ్చు స్థానములను నిర్ణయించుటకు మన బళ్లలోను పిల్లల సంఖ్యయే కొలబద్ద.

అరువదిమంది పిల్లలు, ఐదు తరగతులు, ఇద్దరు ఉపాధ్యాయులు అనుకొనుడు. ఒకరు రెండు తరగతులను, ఒకరు మూడు తరగతులను చూడవలెను. మూడు తరగతుల గదిలో ఉపాధ్యాయుడు ఒక తరగతికి లెక్క చెప్పుచుండగా తక్కిన రెండు తరగతులును పలకలు పట్టుకొని ఎదురు చూడవలసినదే. ఆ పిల్లవాడు దినమంతయు బడిలోనే ఉండును. గురువు నోటి పాఠము మాత్రము అతనికి దినములో మూడవ వంతే దక్కును. ఇప్పుడు అరువది యొకటవ బిడ్డ చేరినదనుకొనుడు. మూడవ ఉపాధ్యాయునికి చోటు కలుగును. ఒకటి రెండు తరగతులు ఒకరికి, మూడు నాలుగు తరగతులు ఒకరికి, ఐదవ తరగతి ఒకరికి. ఆ ఒక్క పేరు వలన మేలు పొందినవారు అరువది యొక్కరు. ఆ ఒక్క పేరు తొలగినను నష్టపడువారు తక్కిన అరువదిమందియే.

ఈ లెక్క ఏనాడు తీయుదురో కూడ మీరు గుర్తుంచుకొనవలెను. తమిళనాట ప్రతి సంవత్సరము ఆగస్టు 1వ తేదీన ఉన్న విద్యార్థుల సంఖ్యను బట్టి ఉపాధ్యాయ స్థానములను నిర్ణయించుట ఆచారము. బళ్లు జూనులో తెరచెదరు. "శ్రావణము పోనిమ్ము, పంట పని తీరనిమ్ము, తరువాత చేర్చెదము" అని తలచి సెప్టెంబరులో తెచ్చిన బిడ్డకు మేము పాఠము చెప్పుదుము. కాని ఆ సంవత్సరపు లెక్కలో ఆ బిడ్డ ఉండదు. లెక్కకు మించి ఉన్న ఉపాధ్యాయుని మిగులుగా చూపి వేరొక బడికి పంపవచ్చును. పోయిన స్థానమును తిరిగి తెచ్చుట ఉన్నదానిని నిలుపుకొనుటకన్న మిక్కిలి కష్టము.

ఇది ఊరక చెప్పుచున్న మాట కాదు. వచ్చు విద్యాసంవత్సరాంతమున మన ప్రాథమిక విభాగమునుండి ఒక ఉపాధ్యాయిని విశ్రాంతి గైకొందురు. మీలో పలువురికి అక్షరములు దిద్దించినవారు వారే. లెక్కలో పిల్లలు చాలినచో ఆ స్థానమునకు మరియొకరిని కోరగలము. చాలకున్నచో ఆ స్థానము వారితోనే పోవును. అప్పుడు మన సంఘము చందాలు పోగుచేసి జీతమియ్యవలెను. లేదా రెండు తరగతులను ఒక గదిలో కూర్చుండబెట్టవలెను.

తెలుగు తరగతులున్న ప్రభుత్వ పాఠశాలలకును ఇదే న్యాయము. సమగ్ర శిక్షా పథకమున ప్రభుత్వ పాఠశాలకు సంవత్సరమునకిచ్చు గ్రాంటు 30 మంది వరకు 10 వేల రూపాయలు, 100 మంది వరకు 25 వేలు, 250 మంది వరకు 50 వేలుగా నిర్ణయింపబడినది. సుద్దముక్క, నీటి తొట్టి, మరుగుదొడ్డి మరమ్మతు, అన్నియు ఆ సంఖ్య వెంటనే నడచును. పాఠ్యపుస్తకముల సంగతియు అంతే. తమిళనాడు పాఠ్యపుస్తక సంస్థ తెలుగులోను పుస్తకములు ప్రచురించుచున్నది. ఎన్ని ప్రతులు కావలెనో బళ్లు పంపు సంఖ్యలే తెలుపును.

మీ మనసులోని సందేహములు మాకు తెలియనివి కావు. "తెలుగు బడిలో చదివిన బిడ్డకు ఇంగ్లీషు రాదు గదా" అని కొందరు తల్లులు అడిగిరి. ఇంగ్లీషును మేము ఒకటవ తరగతి నుండియే నేర్పుచున్నాము. తెలిసిన భాషలో లెక్క గ్రహించి, ఇంగ్లీషును భాషగా నేర్చిన బిడ్డ రెండును పొందును. తెలియని భాషలో లెక్కను వల్లించిన బిడ్డకు ఆ భాషయు, లెక్కయు రెండును బరువగును. "తమిళము రాకున్న బ్రతుకెట్లు" అని తండ్రు లడిగిరి. న్యాయమైన ప్రశ్న. ఈ నాట బ్రతుకువారికి తమిళము కావలెను. 2006లో చేసిన చట్టము తమిళమును ఒకటవ తరగతి మొదలు క్రమముగా తప్పనిసరి పాఠ్యాంశము చేసినది. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము మాటలాడువారు. భాషలు పెరుగుట వారికి కొత్త కాదు. కొత్తగా రాకూడనిది ఇంటి భాషను చదువలేకుండుట.

మధ్యాహ్న భోజనము, ఉచిత పుస్తకములు తెలుగు బడిలో దొరకవను వదంతి కూడ విన్నాము. అది సత్యము కాదు. 2022 సెప్టెంబరులో ఆరంభమైన ఉదయపు అల్పాహార పథకమును కూడ 2024 జూలైలో గ్రామప్రాంతపు ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలకును, 2025 ఆగస్టులో పట్టణములలోని వానికిని విస్తరించిరి.

ఇంకొక సంగతి. పిల్లలు తగ్గినచో ఉపాధ్యాయులు తగ్గుదురు. ఉపాధ్యాయులు తగ్గినచో, "అక్కడ చెప్పువారు లేరు" అని మరికొందరు పిల్లలను తీసికొని పోవుదురు. బిడ్డ మేలు కోరి పోవువారిని మేము నిందింపము. నలుగురితో నారాయణ యని పోవుట లోక సహజము. కాని ఆ నలుగురును ఒకసారి కలిసి కూర్చుండి మాటలాడుకొన్నచో బడి నిలుచును. ఒక్కొక్కరు వేరువేరుగా నిర్ణయించుకొన్నచో ఎవరును కోరకయే బడి మూతపడును.

కావున మిమ్ము మూడు కోరుచున్నాము. మొదటిది: బిడ్డను తెలుగు తరగతిలో చేర్పదలచినవారు జూలై నెల దాటక చేర్పుడు. ఇరుగు పొరుగున ఐదేండ్లు నిండిన పిల్లలున్నచో వారి తలిదండ్రులతో ఈ మాట చెప్పుడు. రెండవది: ప్రవేశ పత్రమున మాతృభాష అను గడిలో ఇంట మాటలాడు భాషనే వ్రాయింపుడు. తమిళనాట ఉన్నాము గనుక తమిళమని వ్రాసితిమి అనువారు పలువురు. ఆ గడి అడుగునది ఊరి భాషను కాదు, తల్లి భాషను. 2027 జనగణనకు 2025 జూనులో ప్రకటన వెలువడినది. జనగణనలోను మాతృభాషను గూర్చిన ప్రశ్న ఉండును; ఇంటికి వచ్చినవారికి అక్కడను నిజమే చెప్పుడు. మూడవది: ఈ బడిలో చదువు ముగించిన ఆడపిల్లలలో, మగపిల్లలలో కొందరినైనను ఉపాధ్యాయ శిక్షణకు పంపుడు. తెలుగులో చదివినవారు లేకున్న తెలుగులో బోధించువారు ఎచ్చటనుండి వత్తురు?

మా వంతు మేము చేయుదుము. ఆగస్టు 1వ తేదీన తరగతివారీగా ఉన్న సంఖ్యను, మంజూరైన స్థానములను, వచ్చిన పుస్తకములను తెలుపు కాగితము ఇకమీదట ప్రతి సంవత్సరము బడి వాకిట అంటింపబడును. పట్టిక మీది, దానిని చూచు హక్కును మీది. చదువరాని తల్లులకు మా ఉపాధ్యాయులు చదివి వినిపింతురు.

వచ్చు విద్యాసంవత్సరపు ప్రవేశ పత్రములు రేపు ఉదయము నుండి కార్యాలయమున ఇచ్చెదము. వానిని నింపుటకు ఏ రుసుమును లేదు.