తలుపు పట్టుకున్నవాళ్లు



గిటార్ కొత్తగా పట్టినవాళ్లు చాలామంది ముందుగా సాధన చేసేది డీప్ పర్పుల్ అనే రాక్ బృందం వాళ్ల ‘స్మోక్ ఆన్ ద వాటర్’ పాట మొదట్లో వచ్చే వరసే. ఇవాళ పట్టాలందుకున్న మీ హాస్టల్ గదుల్లోనూ అది మోగే ఉంటుంది. ఆ పాట ఎలా పుట్టిందో చెప్తాను.

1971 డిసెంబరు 4. స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున మాంట్రూ అనే ఊరు. అక్కడి కేసినోలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతోంది. అది ముగిశాక అదే భవనంలో ఆల్బమ్ రికార్డు చేసుకుందామని డీప్ పర్పుల్ బృందం ఇంగ్లండ్ నుంచి వచ్చింది. రోలింగ్ స్టోన్స్ వాళ్ల రికార్డింగ్ వ్యాన్ కూడా సిద్ధంగా ఉంది. ఇంతలో ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ గన్ పైకి పేల్చారు. కప్పు అంటుకుంది. కేసినో మొత్తం కాలిపోయింది. ఆ ఊరి జాజ్ ఉత్సవం నడిపే క్లాడ్ నోబ్స్ లోపలికీ బయటికీ పరుగెత్తుతూ కుర్రకారును బయటికి లాగాడు. ఒక్క ప్రాణమూ పోలేదు.

సరస్సు మీద కమ్ముకున్న పొగ బేస్ గిటారిస్టు రోజర్ గ్లోవర్ మనసులో ఉండిపోయింది. కొన్నాళ్లకు నిద్రలేస్తూనే ‘స్మోక్ ఆన్ ద వాటర్’ అన్న పేరు అతని నోట వచ్చింది.

ఈలోగా వాళ్లు పెవిలియన్ అనే థియేటర్‌కు మారారు. రాత్రిపూట రిచీ బ్లాక్‌మోర్ గిటార్ హోరుకు చుట్టుపక్కలవాళ్లకు నిద్ర కరువైంది. పోలీసులొచ్చి తలుపు బాదారు. తీస్తే రికార్డింగ్ ఆగిపోతుంది. సామాన్లు మోసే సిబ్బంది వెళ్లి తలుపులకు అడ్డంపడి గట్టిగా అదిమిపట్టారు. లోపల ఆ పాట వాయిద్యం పూర్తయ్యాకే వదిలారు. ఈ కథలో నాకు అందరికంటే ఇష్టమైనవాళ్లు వాళ్లే.

మిగతా పాటలకు, చలికాలమని మూసేసిన గ్రాండ్ హోటల్ దొరికింది. అక్కడి వరండాలో పరుపులు అడ్డుపెట్టి వాయించారు. రికార్డయింది వినాలంటే గదులూ బాల్కనీలూ దాటి వ్యాన్ దాకా పోవాలి. విసిగి, వెళ్లడమే మానేశారు.

‘స్మోక్ ఆన్ ద వాటర్’కు మాటలు మాత్రం జరిగింది జరిగినట్టే రాశారు. అలంకారం లేదు. ఆ పాటకు బలం అదేనని నా నమ్మకం. 1972 మార్చిలో ఆల్బమ్ వచ్చినప్పుడు వాళ్లు ఆశ పెట్టుకున్నది మరో పాట మీద. మరుసటి ఏడు ఇది విడిగా విడుదలై అమెరికా పట్టికలో నాలుగో స్థానానికి ఎక్కింది.

క్లాడ్ పేరు ఆ పాటలో ఉంది. తలుపు పట్టుకున్నవాళ్ల పేర్లు లేవు. అందుకే వాళ్ల సంగతి ఈ వేదిక మీద చెప్పాలనుకున్నాను.