మధురానగర్ బోర్డు



హైదరాబాదులో మెట్రో రైలు నడుస్తోంది. 2017 నవంబరులో మొదలైంది. రోడ్డు మధ్యలో స్తంభాలు కట్టి, వాటి మీద పట్టాలు వేశారు. కింద బస్సులు, ఆటోలు. పైన రైలు. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ వైపు రైళ్లు 2019 మార్చి 20న మొదలయ్యాయి. ఆ దారిలో అమీర్‌పేట దాటగానే వచ్చే స్టేషన్ మధురానగర్.

ఆ చుట్టుపక్కల ఇళ్లల్లో పనికి పోయే ఒక అక్కను అనుకోండి. ఆమెకు చదువు రాదు. స్టేషన్లను వేళ్ల మీద లెక్క పెట్టుకుంటుంది. బేగంపేట ఒకటి, అమీర్‌పేట రెండు, ఆ తర్వాత దిగాలి. తెల్లారుజామున లేచిన మనిషి కదా, కాస్త కన్ను మూత పడింది. లెక్క తప్పింది. రైలు యూసుఫ్‌గూడ కూడా దాటిపోయింది. టికెట్టు చాలకపోతే బయటి గేటు తెరుచుకోదు. మిగతా డబ్బు కట్టాలి. పనికి ఆలస్యం. ఇంటావిడ మాటలు పడాలి.

బోర్డు చదవగలిగితే లెక్క అక్కర్లేదు. మరి ఆ పేర్లలో ఏముందో చూద్దామా?

పేట అంటే అంగళ్లు, ఇళ్లు పెరిగిన చోటు. గూడ అంటే చిన్న పల్లె. మన ఊళ్ల దగ్గర గూడెం అంటాం చూడండి, అదే. నగర్ అంటే పట్నం. కొత్తగా కట్టిన కాలనీలకు ఎక్కువగా ఈ మాట తగిలిస్తారు.

మధుర అంటే తియ్యనిది. మధుర ఊరి పేరు కూడా. యమునా నది ఒడ్డున కృష్ణుడు పుట్టిన ఊరు మధుర. తమిళనాడులో మీనాక్షమ్మ గుడి ఉన్న ఊరిని కూడా తెలుగువాళ్లు మధుర అనే అంటారు. ఇక్కడ యూసుఫ్‌గూడ పక్కనే కృష్ణానగర్ ఉంది. సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేసేవాళ్లు, లైట్లు మోసేవాళ్లు అక్కడ చాలామంది ఉంటారు. మధురకు దగ్గర్లోనే కృష్ణుడు! వినడానికి బాగుంది కదూ!

ఈ స్టేషన్‌కు మెట్రో వాళ్లు తరుణి అనే పేరు కూడా కలిపారు. ఆడవాళ్ల కోసం ప్రత్యేకమైన స్టేషన్‌గా ఉండాలని అనుకున్నారు. తరుణి అంటే వయసులో ఉన్న ఆడమనిషి. నడివయసు అక్కలు నవ్వకండి, స్టేషన్ మీది కూడా!

ఒకే చోటుకు రెండు పేర్లుంటే చదువు రాని మనిషికి తికమక. ఆటో అతను మధురానగర్ అంటాడు. తరుణి అని ఇంకొకరు అంటారు. రెండూ ఒకటేనని తెలియక ఆమె నిలబడిపోతుంది.

ఈ దారిలో ఆడవాళ్ల పేర్లు ఇంకా ఉన్నాయి. నిజాం ఇంటి ఆడపడుచు బషీరున్నిసా బేగం పేరు మీద బేగంపేట వచ్చింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు తర్వాతి స్టేషన్ పెద్దమ్మ గుడి. అంటే బేగమమ్మ, తరుణి, పెద్దమ్మ, ముగ్గురూ ఒకే పట్టాల మీద ఉన్నారన్నమాట.

ఇప్పుడు పలక తీయండి. మ రాయండి. ధ రాసి కొమ్ము పెట్టండి, ధు. ధకు కింద ఒత్తు మరవకండి. ర కు దీర్ఘం, రా. తర్వాత న, గ, ర్.

కలిపి గట్టిగా చదవండి.