ఆగిరిపల్లి శాస్త్రజ్ఞులు - సూరి భగవంతముగారు

నూజివీటికి సమీపముననున్న ఆగిరిపల్లి పేరు చెప్పగానే మనవారికి శోభనాచలముమీది నరసింహస్వామి జ్ఞప్తికి వచ్చును. ఆ గ్రామమిపుడు 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరినది గావున, అచట 1909 అక్టోబరు 14వ తేదీన జన్మించిన సూరి భగవంతముగారిని మా జిల్లావారని చెప్పుకొను హక్కు నాకు కలిగినది.

1928లో వారు హైదరాబాదు నిజాము కళాశాలలో పట్టము పొందిరి. ఆ ఫిబ్రవరిలోనే కలకత్తాయందు రామనుగారు తమ కాంతిపరిణామమును కనుగొనియుండిరి. ఇరువదేండ్లైన నిండని భగవంతముగారు అచటికేగి శిష్యులైరి. 1931లో గురుశిష్యులిరువురును కాంతికణమునకు భ్రమణము కలదని ప్రయోగపూర్వకముగా ప్రకటించిరి. మఱుసటియేడు శిష్యులు వాల్తేరు చేరిరి.

శ్రోతలారా, వాల్తేరులో వారుచేసిన పని చెప్పుటకు సంక్రాంతి ముగ్గు చాలును. నాలుగు దిక్కుల సరిగానున్న ముగ్గును పావువంతు త్రిప్పినను మార్పు కనబడదు. స్ఫటికములందలి యణువుల కూర్పును ఇట్టిదే. త్రిప్పినను మాఱని యీ తీరునుబట్టి స్ఫటికములు 32 తరగతులు. పద్యము వ్రాయకమునుపే ప్రస్తారము వృత్తముల సంఖ్య తేల్చినట్లు, ఈ సమూహగణితము స్ఫటికమును ముట్టకమునుపే దాని గుణమును తెలుపుటకెన్ని సంఖ్యలు వలయునో తేల్చును. స్థితిస్థాపకతకు, సౌష్ఠవము మిక్కిలి తక్కువైన స్ఫటికమునకు 21 కావలెను. ఘనవర్గమునకు మూడే చాలును.

స్ఫటికమును అదిమినచో అందు కాంతి నడక మాఱును. దీనికి పందొమ్మిదవ శతాబ్దాంతమున పోకెల్సు అను జర్మను పండితుడు కట్టిన లెక్కయే ప్రమాణముగా నుండెను. విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడిన 1942లోనే భగవంతముగారు ఆ లెక్కను పరీక్షించి, ఘనవర్గమునందలి అయిదు తరగతులలో రెండింటికి మూడు చాలవు, నాలుగు వలయునని చూపిరి. మూడో నాలుగో, దీనికింత వాదమేల యని కొందఱనవచ్చును. ఒక్క గణము తప్పినను పద్యము తప్పినదనెడి మావంటివారికి ఆ ప్రశ్న తోచదు. 1948లో టి. వేంకటరాయుడుగారితోగూడి ఈ గణితముపై గ్రంథమునే ప్రకటించిరి.

తరువాత అధికారములు వచ్చినవి. 1952 మొదలు 1957 వఱకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరు. 1962 వఱకు, పూర్వము గురువుగారు కూర్చున్న బెంగుళూరు విజ్ఞానసంస్థ డైరెక్టరు పీఠము. 1969 వఱకు దేశరక్షణమంత్రికి శాస్త్రసలహాదారు. శాస్త్రజ్ఞుని ప్రయోగశాలనుండి పీఠమునకు పిలుచుట మనవారు సన్మానమందురు. అందలి నష్టమును లెక్కించువారు తక్కువ. అయినను ఆ కార్యాలయపు కాగితముల నడుమనే, 1966లో, స్ఫటికసౌష్ఠవముపై వారి మఱియొక గ్రంథము వెలువడినది.