కారుకు మేత ఎంత?
(సభ్య సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశంలో కార్ల ప్రస్తావన ఏమిటని మీకు తోచవచ్చు. నేడు మన సభ్యులలో కొందరు కార్లు కొంటున్నారు. అప్పు తెచ్చి, పాల డబ్బులోంచి నెలనెలా వాయిదా కడుతున్నవారూ ఉన్నారు. గనుక ఇది మన ఇంటి విషయమే.

గేదెను కొనేటప్పుడు మనం ధర ఒక్కటే చూడము. ఎంత మేస్తుంది, ఎన్ని పాలిస్తుంది అని విచారిస్తాము. కారుకు మేత చమురు. ఆ మేత ధర మన ఊరి సంతలో తేలేది కాదు. మన దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాలనుంచే వస్తున్నది. ఎక్కడ యుద్ధం వచ్చినా, ఏ పెద్ద దేశంలో వాడకం పెరిగినా ఆ సెగ మన పెట్రోలు బంకుదాకా వస్తుంది.

అమెరికా అనుభవం చూడండి. 1973 వరకు అక్కడ పెట్రోలు చవక. అందుచేత జనం లీటరుకు 6 కిలోమీటర్లు మాత్రమే ఇచ్చే పెద్ద కార్లలో తిరిగేవారు. ఆ సంవత్సరం అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరా నిలిపివేశాయి. పీపా 3 డాలర్లున్న ముడిచమురు 1974 జనవరి నాటికి 12 డాలర్లకు చేరువైంది. బంకుల ముందు కార్లు బారులు తీరాయి. 1985 నాటికి కొత్త కార్లు సగటున గ్యాలనుకు 27.5 మైళ్ళు, అనగా లీటరుకు దాదాపు 11.7 కిలోమీటర్లు ఇవ్వాలని 1975లో చట్టం చేశారు. 1979లో ఇరాన్ విప్లవంతో ధర మళ్ళీ ఎగబాకింది. అప్పటికే చిన్న కార్లు తయారుచేస్తున్న జపానుకు ఇది కలిసివచ్చింది. 1980లో మోటారు వాహనాల ఉత్పత్తిలో జపాను అమెరికాను మించిపోయింది.

1986లో చమురు ధర సగానికి పైగా పడిపోయింది. జనం పడ్డ బాధ మరచిపోయారు. 1990లలో మళ్ళీ ఎత్తైన, బరువైన బండ్లు కొన్నారు. తరువాత చైనా వంటి దేశాలలో వాడకం పెరుగుతూ వచ్చింది. 2008 జూలైలో పీపా ధర 147 డాలర్లు తాకింది. పెద్ద బండ్లు కొనేవారు కరువయ్యారు. పేరుమోసిన హమ్మర్ బండి తయారీ 2010లో ఆగిపోయింది. ధర పెరిగినప్పుడు ఒకటి, తగ్గినప్పుడు ఒకటి కొన్నవారు రెండు విధాలా నష్టపోయారు.

మన దేశంలోనూ ఇటువంటిదే జరిగింది. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగింది, డీజిలుపై కొనసాగింది. 2012 మేలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు, డీజిలు సుమారు 41 రూపాయలు. అందరూ డీజిలు కారు వైపు మొగ్గారు. 2012-13లో అమ్ముడైన కార్లలో సగానికి పైగా డీజిలువే.

లెక్క వేద్దాం. పెట్రోలు కారు లీటరుకు 16 కిలోమీటర్లు, డీజిలు కారు 20 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. డీజిలు కారు ధర లక్ష రూపాయలు ఎక్కువ అనుకుందాం. పై ధరల ప్రకారం డీజిలు కారుకు కిలోమీటరుకు రెండున్నర రూపాయలు మిగులుతుంది. అదనంగా పెట్టిన లక్ష తిరిగి రావడానికి 40,000 కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 10,000 తిరిగేవారికి నాలుగేళ్ళు పడుతుంది.

2014 అక్టోబరులో డీజిలు ధరపై కూడా నియంత్రణ తొలగింది. అంతరం తగ్గింది. పెట్రోలు 65, డీజిలు 55 అయితే మిగులు కిలోమీటరుకు 1 రూపాయి 31 పైసలే. అదే లక్ష రావడానికి 76,000 కిలోమీటర్లు తిరగాలి, అనగా ఏడున్నరేళ్ళు. 2020 జూన్‌లో ఢిల్లీలో డీజిలు ధర పెట్రోలు ధరను మించింది కూడా. అదే ఏడాది ఏప్రిల్‌లో బి.ఎస్.-6 నిబంధనలు వచ్చినప్పుడు మారుతీ సుజుకీ సంస్థ డీజిలు కార్ల అమ్మకమే మానుకున్నది. డీజిలు చవకన్న ఒక్క మాట నమ్మి, తక్కువ తిరిగే ఇంటికి డీజిలు కారు తెచ్చుకున్నవారికి వాయిదాలు మిగిలాయి, ఆదా మిగలలేదు.

కాబట్టి మేము చెప్పేదేమంటే, నేటి చమురు ధర చూసి బండి కొనవద్దు. మీరు తిరిగే దూరం చూసి కొనండి. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ముందు కాగితం మీద వ్రాయండి. నేటి ధరకు ఒకసారి, లీటరుకు 20 రూపాయలు పెరిగితే ఎంతవుతుందో మరొకసారి లెక్క కట్టండి. రెండవ లెక్కకు కూడా పాల డబ్బు తట్టుకోగలిగితేనే అప్పు పత్రం మీద సంతకం పెట్టండి. గ్యాసు కారుకైనా, కరెంటు కారుకైనా ఇదే పద్ధతి. దగ్గరలో గ్యాసు బంకు ఉందా, ఇంట్లో చార్జింగుకు తగిన కనెక్షను ఉందా అన్నది కూడా చూసుకోండి.

సంఘం పాల వ్యానుకూ ఇదే వర్తిస్తుంది. క్యాన్లు సగం నిండి బయలుదేరినా డీజిలు ఖర్చు పెద్దగా తగ్గదు. ఆ ఖర్చును తెచ్చిన పాల లీటర్లతో భాగించి ప్రతినెలా పాలకవర్గం ముందు ఉంచవలసినదిగా కార్యదర్శులను కోరుతున్నాము. రవాణాలో మిగిలిన ప్రతి పైసా పాలు పోసే రైతుకు దక్కవలసినదే.