రక్తపుపోటు గలవారికి వ్యాయామము

ఉంగుటూరులో మా మేనమామగారు ఉన్నారు. ఊరిలో ఇల్లు, కొంత మాగాణి. ప్రతి సంవత్సరము నూజివీడు వైపున ఒక మామిడితోట కాపును గుత్తకు తీసికొనుట ఆయనకు 30 ఏండ్ల అలవాటు. పూత మొదలుకొని కోత ముగియువరకు తోటలోనే తిరుగుచుందురు. అట్టి మనిషికి 58వ ఏట రక్తపుపోటు ఉన్నదని వైద్యుడు చెప్పి, రోజుకొక మాత్ర వ్రాసి, కొంత వ్యాయామము కూడ చేయుమని సలహా యిచ్చెను. నాలుగు నెలలు మాత్ర వేసికొనిరి. పోటు తగ్గినది. తగ్గినది గదా యని మాత్ర మానివేసిరి.

సంక్రాంతికి వెళ్లినప్పుడు నేను అడిగితిని: "మామయ్యా, మాత్ర ఎందుకు మానేశారు?"

"ఒరేయ్ అబ్బాయ్, పొద్దస్తమానం తోటలో నడుస్తున్నాను, గంపలెత్తుతున్నాను. ఇంతకు మించిన వ్యాయామం ఇంకేముందిరా? ఆ మాత్రలు కూర్చుని పనిచేసే మీ పట్నంవాళ్లకి" అనిరి.

ఆ మాటకు నాకు వెంటనే జవాబు తోచలేదు. నవ్వి ఊరకుంటిని. ఆ వేసవిలో, చిన్నరసాల కోత ముమ్మరముగా సాగుచున్న రోజులలో, ఒక మధ్యాహ్నము నిండు గంపను ఊపిరి బిగబట్టి నెత్తి కెత్తుకొనబోయి ఆయన చెట్టు క్రిందనే కూలబడిరి. మాట తడబడినది. కుడిచేయి లేవలేదు. కోతకు వచ్చిన కుర్రవాడొకడు 108కి ఫోను చేసినందున సకాలములో ఆసుపత్రి చేరి ప్రాణము దక్కించుకొనిరి. చేయి మాత్రము సంతకము చేయువరకే వచ్చినది.

ఆనాడు నేను చెప్పలేకపోయిన జవాబే నేటి నా ప్రసంగము. నేను వైద్యుడను కాను. వైద్యుల నడిగియు, గ్రంథములు చూచియు తెలిసికొన్న దానిని శ్రోతలకు అందించుట నా వృత్తి. ఎవరి శరీరమునకు ఎంత వ్యాయామము తగునో నిర్ణయింపవలసినవాడు వారిని పరీక్షించిన వైద్యుడే. ఆయనను ఏమి అడుగవలెనో, ఆయన చెప్పినదానిని ఎట్లు పాటింపవలెనో మాత్రమే నేను చెప్పబోవుచున్నాను.

గుండె ముడుచుకొని రక్తమును నెట్టినపుడు నాళముల గోడలపై పడు ఒత్తిడి మొదటి అంకె. గుండె విశ్రమించినపుడు మిగిలి యుండు ఒత్తిడి రెండవ అంకె. మామూలుగా ఇవి పాదరసపు కొలతలో 120, 80లకు అటునిటు ఉండును. వేర్వేరు దినములలో చూచినను పై అంకె 140 గాని, క్రింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉన్నచో దానిని అధిక రక్తపుపోటు అందురు. నొప్పి లేదు, జ్వరము లేదు, ఆకలి తగ్గదు. అందువలననే దీనిని మనము లెక్క చేయము.

ఇది పట్నవాసుల వ్యాధి యనుట పొరపాటు. 2003, 2004 సంవత్సరములలో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో జరిగిన మరణములకు కారణములను పరిశోధకులు ఇంటింట విచారించిరి. గుండె, రక్తనాళముల వ్యాధులే ప్రథమస్థానమున ఉండెను; సుమారు మూడవవంతు మరణములకు అవియే కారణములు. ఆ గ్రామములవారు కూడ మన ఉంగుటూరువారివలెనే పొలములలో నడచినవారు, బరువులు మోసినవారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 ఏండ్లు దాటిన పురుషులలో 24 శాతమునకు, స్త్రీలలో 21 శాతమునకు పైగా పోటు హెచ్చుగా ఉన్నవారో, దానికి మందు వాడుచున్నవారో ఉన్నారు.

ఒకప్పుడు దీనికి చెప్పుకోదగిన మందే లేదు. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు ఎంతటి వైద్యులు వెంట నున్నను, మితిమీరిన రక్తపుపోటుతో 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై మరణించెను. పిమ్మట నాలుగేండ్లకు, 1949లో, బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్, మన దేశపు సర్పగంధి వేరు రక్తపుపోటును తగ్గించునని బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటించి లోకము దృష్టిని ఆకర్షించెను. అంతకంటె మేలైన మందులు తరువాత అనేకము వచ్చినవి. ఇక వ్యాయామము మాట. 1953లో లండనులో జెరిమీ మారిస్ అను వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, దినమంతయు కూర్చుండు డ్రైవర్లకంటె మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా ఉన్నదని చూపెను. ఆ కాలమున రక్తపుపోటు గలవారిని కదలవద్దనువారే హెచ్చు. నేడు వైద్యులు కదలుమనియే చెప్పుచున్నారు.

అయితే మామయ్యగారి తర్కములో లోపమెక్కడ? మొదట లెక్క చూడుడు. రక్తపుపోటు గలవారు వారములో చాల దినములు క్రమముగా నడచినచో పై అంకె సుమారు 5 మొదలు 8 వరకు తగ్గును. ఇది చిన్న లాభము కాదు. ఒక మాత్ర చేయు పనికి దాదాపు దగ్గరగా నున్నది. కాని 170 ఉన్నవారికి 7 తగ్గినచో మిగులునది 163. అది ఇంకను ప్రమాదపు హద్దులోనే ఉన్నది. మాత్రయు నడకయు కలిసినపుడే అది 140కి దిగువకు వచ్చుటకు అవకాశము. పోటు తగ్గినది మాత్రవలన అయినపుడు, తగ్గినదని మాత్ర మానుట, గొడుగు క్రింద తడియుట లేదని గొడుగు మూసినట్లుండును. నడకవలన నిజముగానే పోటు బాగుగా దిగినచో మోతాదు తగ్గించు వైద్యులున్నారు. ఆ నిర్ణయము వారిది, మనది కాదు.

రెండవది, కష్టము వేరు, వ్యాయామము వేరు. నడచునపుడు కాళ్లలోని కండరములు బిగిసి సడలుచుండును. నాళములు విచ్చుకొనును. నడక ముగిసిన పిమ్మట కొన్ని గంటలపాటు పోటు మామూలుకంటె తక్కువగా ఉండును. పెద్ద బరువును ఊపిరి బిగబట్టి ఎత్తునపుడు జరుగునది దీనికి విరుద్ధము. బిగిసిన కండరములు నాళములను నొక్కివేయును. బిగబట్టిన ఊపిరి రొమ్ములోని ఒత్తిడిని పెంచును. 1985లో కెనడాలోని మక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆరోగ్యవంతులైన కండల వీరులు రెండు కాళ్లతోను భారమైన బరువును నెట్టుచుండగా ధమనిలోనే పోటును కొలిచిరి. సగటున అది 320, 250ల వరకు పోయెను. ఆరోగ్యవంతులకు అది కొన్ని క్షణముల మాట. ముందే పోటు హెచ్చి నాళములు బలహీనపడినవారికి ఆ క్షణములే చాలును.

ఇట్లన్నంత మాత్రమున తోటపని మానుమని కాదు. మానినచో ఇల్లు గడువవలెను గదా. నిండు గంపకు బదులు సగము గంప ఎత్తవలెను, లేదా ఇద్దరు కలిసి పట్టవలెను. ఎత్తునపుడు నోరు తెరచి ఊపిరి వదలవలెను, ఎన్నడును బిగబట్టరాదు. రోహిణీ కార్తె ఎండలలో బరువు పని ఉదయము పది గంటల లోపలనే ముగించుకొనవలెను.

ఇక వ్యాయామము ఆరంభించు పద్ధతి. మొదట వైద్యుని వద్దకు పోయి, పోటు చూపించుకొని, "నేను నడక మొదలు పెట్టవచ్చునా?" అని అడుగుడు. విశ్రాంతిగా ఉన్నపుడే 180 గాని, క్రింది అంకె 110 గాని ఉన్నచో ముందుగా మందుతో దానిని దింపుకొనవలెను. వ్యాయామము ఆ తరువాత. పూర్వము గుండెనొప్పి గాని, పక్షవాతము గాని వచ్చినవారు, మధుమేహము, మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు, నడచినపుడు రొమ్ము పట్టినట్లుండువారు ఆ సంగతి దాచక చెప్పవలెను.

అనుమతి దొరకిన పిమ్మట రోజుకు 10 నిమిషములతో ఆరంభింపుడు. వారమునకు కొన్ని నిమిషములు పెంచుకొనుచు 30 నిమిషములకు చేరుడు. వారములో ఐదు దినములు అట్లు నడచినచో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన 150 నిమిషములు పూర్తియగును. వేగమెంత? ప్రక్కవారితో మాటలాడుటకు వీలుండవలెను. పాట పాడుటకు మాత్రము ఊపిరి చాలరాదు. అదియే తగిన వేగము. మాట కూడ రానంత ఆయాసము వచ్చినచో తగ్గింపుడు. మొదటి ఐదు నిమిషములు, చివరి ఐదు నిమిషములు మెల్లగా నడువవలెను. హఠాత్తుగా ఆగినచో కాళ్లలో రక్తము నిలిచి, పోటు పడిపోయి కండ్లు తిరుగును. యోగాసనములు చేయువారు తలక్రిందులుగా నిలుచు ఆసనములను, ఊపిరి బిగబట్టు కుంభకమును విడిచి, మెల్లని శ్వాసను, తేలికపాటి ఆసనములను ఎన్నుకొనుట మంచిది. ఇల్లు దాటి పోలేని స్త్రీలు డాబా మీదనో, పెరటిలోనో నడచినను ఫలము ఒక్కటే.

మీరు వాడు మాత్ర పేరు తెలిసికొనుట కూడ అవసరము. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి గుండె వేగమును అణచి ఉంచును. అట్టివారు నాడి లెక్కను నమ్మక, ఇందాక చెప్పిన మాటల పరీక్షనే నమ్ముకొనవలెను. మూత్రము ఎక్కువగా పోవునట్లు చేయు మాత్రలు వాడువారికి ఎండలో చెమటపోసి నీరు, లవణములు తగ్గి సొమ్మసిల్లు ప్రమాదమున్నది. వేసవిలో నీరు ఎంత త్రాగవలెనో వైద్యుని అడిగి ఉంచుకొనుడు. ఆమ్లోడిపిన్ వాడువారిలో కొందరికి చీలమండలు వాచును. వాచినదని మాత్ర మానక వైద్యునికి చూపవలెను. మరియొక సంగతి. కోతల కాలమున ఒళ్లునొప్పులకని దుకాణములో కొని మ్రింగు డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటి నొప్పిమాత్రలు రక్తపుపోటును పెంచును. పోటుమాత్ర పనిని చెరుపును.

ఆవకాయ సంగతి చెప్పక తప్పదు. రోజుకు ఒక చెంచాకు లోపుగా, అనగా 5 గ్రాములకు మించకుండ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఉదయము నడచి, అన్నములో మూడు ముద్దలకు ఆవకాయ కలుపుకొన్నచో ఒక చేత సంపాదించినది మరియొక చేత పోగొట్టుకొన్నట్లే. నాలుకకు తగిలించుకొనుడు, కలుపుకొనకుడు.

నడకలో గాని, పనిలో గాని రొమ్మునొప్పి, అలవాటు లేని ఆయాసము, గుండెదడ, కండ్లు తిరుగుట కలిగినచో అక్కడనే ఆగి కూర్చుండవలెను. మూతి వంకర పోయినను, ఒక చేయి పడిపోయినను, మాట తడబడినను, రొమ్మునొప్పి తగ్గకున్నను క్షణము ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున మొదలైన సేవ అది. కొన్ని రకముల పక్షవాతములలో నాలుగున్నర గంటల లోపల చేరినచో గడ్డను కరిగించు మందు ఇచ్చుటకు వీలున్నది. సోడా పట్టి, తల రుద్ది, తెల్లవారనిమ్మని వేచియుండుట తగదు.

ఇంటిలో పోటు కొలుచు యంత్రమున్నవారు నడచి వచ్చిన వెంటనే చూచుకొని భయపడవద్దు. అప్పుడు అంకె పెరుగుట సహజము. కాఫీ, చుట్ట ముట్టక అరగంట గడచిన పిమ్మట, ఐదు నిమిషములు ఊరక కూర్చుండి, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తున బల్లపై నుంచి చూచుకొనవలెను. ఆ అంకెలను తేదీతో ఒక పుస్తకమున వ్రాసి ఉంచినచో వైద్యునికి పది మాటలకంటె అది మేలు.

మామయ్యగారు ఇప్పుడు ఉదయము మాత్ర వేసికొని, చెరువుగట్టున ఈ చివరనుండి ఆ చివరకు నడచుచున్నారు. గంపల జోలికి పోరు. వైద్యునికి చూపు పుస్తకము ఎడమచేతితో వ్రాయుదురు. మొన్న వెళ్లినపుడు నాతో, "నువ్వు ఆ సంక్రాంతినాడు నవ్వి ఊరుకోకుండా గట్టిగా చెప్పి ఉంటే వినేవాణ్ణో లేదోగాని, చెప్పి ఉండాల్సిందిరా" అనిరి. అందుకే నేడు మీతో చెప్పితిని. ఈ ప్రసంగము వినుచున్న ఇంటిలో మాత్ర మానివేసి, పని చేయుచున్నాను గదా యని ధైర్యముగా ఉన్న పెద్దవారెవరైన ఉన్నచో, రేడియో కట్టిన పిమ్మట వారి ప్రక్కన కూర్చుండి ఒక్కమాట అడుగుడు. నవ్వి ఊరకుండకుడు.