సూదిమందు కాని సూది



సూది యనగానే మనకు సూదిమందు జ్ఞప్తికి వచ్చును. ఆక్యుపంక్చరను చీనా చికిత్సయందు సూది కలదు గాని మందు లేదు. అరిగిన మోకాళ్లతో విజయవాడ పోయి నేనా చికిత్సకు గడంగిన నాటినుండి మా విస్సన్నపేటలో "నొప్పి పుట్టునా, మాస్టారూ?" యని నన్నడుగనివారు లేరు.

ఆ సూదిని చూచినచో భయము సగము తీరును. అది గుల్లగొట్టము గాదు, నిండు తీగ. లావు సుమారు పావు మిల్లీమీటరు. వైద్యుడు నాడి పట్టి, నాలుక చూచి, పూర్వపు జబ్బుల నడిగి, పిదప పరుండబెట్టి గ్రుచ్చును. చర్మము దాటునపుడు చీమ కుట్టినట్లుండును. అటుపై సూదిని మెల్లగా త్రిప్పగా లోపల బరువు, తిమ్మిరి, ఒకవిధమగు సలుపు పుట్టును. చీనావారు దానిని 'దెచీ' యందురు. అది తోచినగాని సూది చోటు చేరినట్లు కాదని వారి మతము. బాధ మోకాటియందుండగా పిక్కలోను పాదముమీదను గ్రుచ్చినచో వెఱగుపడవలదు. 20, 30 నిమిషములు కదలక పడియుండవలెను. బడిపిల్లలను కదలవలదని యేండ్లతరబడి గద్దించిన నాకు ఆ శిక్ష తగినదే! సూదులు తీసిన పిదప నొక రక్తపుబొట్టో, కమిలిన మచ్చయో కానవచ్చును.

పరగడుపున పోరాదు, కొందఱకు కన్ను తిరుగును. సూదులు క్రొత్త పొట్లమునుండి మీ యెదుటనే తీయుమని యడుగుడు. ఒకరికి వాడిన సూదివలన వేఱొకరికి హెపటైటిస్ రాగలదు గనుక ఇచట మొగమాటము పనికిరాదు. రక్తము పలుచబడుటకు మాత్రలు వాడువారును, గర్భిణులును ఆ మాట ముందే చెప్పవలెను. కొందఱు వైద్యులు సూదులకు తీగలు తగిల్చి స్వల్పవిద్యుత్తు పంపుదురు. గుండెలో పేస్‌మేకరున్నవారికది తగదు. ఱొమ్మున లోతుగా దిగిన సూది ఊపిరితిత్తిని తాకుట అరుదే గాని లేకపోలేదు. కావున శిక్షణ పొందినవారినే యాశ్రయింపుడు.

ఇది మన సుశ్రుతుని విద్యయే యని కొందఱు వాదింతురు. సుశ్రుతమున సూది గాయములు కుట్టుటకును, సిరావ్యధము రక్తము తీయుటకును చెప్పబడినవి. ఇది వేఱు. 1938లో చీనాకు బోయిన భారతవైద్యబృందమున కోట్నీసుతోపాటుండిన బిజయ్‌కుమార్ బసు ఈ విద్యను నేర్చి, 1959లో కలకత్తాలో నెలకొల్పెను. 2019లో భారతప్రభుత్వము దీనిని ప్రత్యేక చికిత్సాపద్ధతిగా గుర్తించినది.

మోకాటి యరుగుదలకు, నడుమునొప్పికి, తలనొప్పికి కొంత యుపశమనము కలుగునని పరిశోధనలలో తేలినది. అయితే నియమితస్థానమున గాక వేఱొకచోట గ్రుచ్చినను బాధ చాలవఱకు తగ్గినదని యా పరిశోధనలే చెప్పుచున్నవి. ఎనిమిదిసారులైన పిదప నాకు మెట్లెక్కుట సులభమైనది. మోకాలు మాత్రము క్రొత్తది కాలేదు. ఇది విని మా వీథివారొకరు నడుమునొప్పికి సూదులు గ్రుచ్చించుకొని, పనిలోపనిగా మధుమేహపు మాత్రలు మానివేయుదు ననిరి. నేను గట్టిగా వారించితిని. ఆయన యిపుడు మాత్రలు మ్రింగియే నాతోగూడ బస్సెక్కుచున్నారు.