మడిలో పాఠం చెప్పిన మాస్టర్లు

(మన సంఘం వార్షికోత్సవంలో, పదవీ విరమణ చేసిన హైస్కూలు వ్యవసాయోపాధ్యాయుల సన్మాన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

 

మాస్టర్ల పేర్లు, సర్వీసు వివరాలు కార్యదర్శిగారు ఇప్పుడే చదివి వినిపించారు. మళ్ళీ నేను మొదలుపెడితే భోజనాల వేళ దాటిపోతుంది. అందుచేత వాళ్ళు చేసిన ఉద్యోగం ఎటువంటిదో, దానివల్ల మన పిల్లలకు ఒరిగినదేమిటో నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

“హైస్కూల్లో వ్యవసాయ మాస్టరేమిటి?” అని ఈనాటి పిల్లలు అడుగుతున్నారు. వాళ్ళు చూడలేదు గదా, అడగడంలో తప్పులేదు. 1937లో గాంధీగారు వార్ధాలో జాతీయ విద్య గురించి సభ పెట్టినప్పుడు, చేతిపని ద్వారా చదువు చెప్పే పద్ధతికి పాఠ్య ప్రణాళిక తయారుచేసిన సంఘానికి అధ్యక్షులు డాక్టర్ జాకిర్ హుసేన్ గారు. ఆయన 1897లో హైదరాబాదులో పుట్టినవారు, తర్వాత రాష్ట్రపతి అయినవారు. నూలు వడకడంతోపాటు వ్యవసాయం కూడా బడిలో ఒక విద్య కావాలన్నది ఆ ప్రణాళిక. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో వేసిన మాధ్యమిక విద్యా కమిషన్‌కు డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ గారు అధ్యక్షులు. ఆయనదీ మన కర్నూలు పుట్టుకే. ఆ కమిషన్ మల్టీపర్పస్ హైస్కూళ్ళు పెట్టమని చెప్పి, అందులో ఏడు గ్రూపులు సూచించింది. ఏడింటిలో వ్యవసాయం ఒకటి. లెక్కల మాస్టరూ, సైన్సు మాస్టరూ ఉన్నట్టే అలా బళ్ళలోకి వ్యవసాయ మాస్టరూ వచ్చాడు.

వచ్చాడు గాని కుర్చీ మాత్రం చివరిదే దొరికింది. ఈ మాట మాస్టర్లు తమంతట తాము చెప్పరు. టైంటేబుల్లో ఆఖరి పీరియడ్ ఆయనది. మార్కులు తక్కువ వచ్చిన పిల్లల్ని ఆయన గ్రూపులోకి తోసేవారు. పరీక్షలు దగ్గరపడితే ఆయన పీరియడ్ ఇంగ్లీషుకో లెక్కలకో పోయేది. కాళ్ళకు బురదతో స్టాఫ్ రూములోకి వస్తే నవ్వినవాళ్ళూ ఉన్నారట. అటువంటి చోట ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, ఒక్కనాడూ తన సబ్జెక్టు చిన్నదని పిల్లల ముందు అనకుండా వెళ్ళిపోవడం సామాన్యమా?

వాళ్ళు పాఠం చెప్పే తీరు చూడండి. తొట్టిలో నీళ్ళు పోసి, కోడిగుడ్డు పైకి తేలేదాకా ఉప్పు కలిపించేవారు. అందులో విత్తనం ధాన్యం పోస్తే తాలూ, అరతాలూ పైకి వచ్చేవి. గట్టి గింజ అడుగున నిలిచేది. దాన్ని మంచినీళ్ళతో కడిగి నారుమడికి వాడాలి. సాంద్రత అనే మాట ఆ తర్వాత నల్లబల్ల మీద రాసేవారు. తడి గోనెపట్టాలో నూరు గింజలు వరసగా పెట్టి చుట్టి, నాలుగైదు రోజుల తర్వాత విప్పి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టమనేవారు. ఎనభై మొలిస్తే ఎనభై శాతం. శాతం అంటే ఏమిటో ఆ గోనెపట్టా దగ్గర తెలుసుకున్నవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు, వాళ్ళకిప్పుడు నవ్వు వస్తోంది కూడా!

ఎరువు లెక్క మరీ ముఖ్యం. యూరియాలో నత్రజని 46 శాతం. ఎకరానికి 40 కిలోల నత్రజని వేయాలంటే యూరియా ఎంత కావాలి? 87 కిలోలు. ఆనాడు బస్తా 50 కిలోలు గనుక ఒకటిముప్పావు బస్తా అని చెప్పేవారు. 2018 నుంచి బస్తా 45 కిలోలే అయింది. అంటే రెండు బస్తాలకు మూడు కిలోలు తక్కువ. బస్తా మారినా, ధర మారినా ఆ లెక్క చేసుకోగలవాడు దుకాణంలో మోసపోడు. ఇంకో నాలుగు కిలోలు ఎక్కువ వేస్తే ఏం పోయిందిలే అనుకుని పైరును తెగుళ్ళపాలు చెయ్యడు.

1966లో ఐ.ఆర్. 8 అనే పొట్టి వరి వచ్చింది. అప్పటిదాకా మన చేలల్లో అక్కుళ్ళు, మొలగొలుకులు వంటి పొడుగు రకాలే. ఎరువు ఎక్కువైతే పైరు పడిపోయేది. పొట్టి రకం పడదు, కాని దాని నాటూ వేరు, నీరూ వేరు, ఎరువూ వేరు. అన్నం బాగుండదని పెద్దవాళ్ళు వంకలు పెట్టారు. ఆ మాటా నిజమే, గింజ ముతక. ఊళ్ళో రైతు నమ్మాలంటే కళ్ళతో చూడాలి. చూడడానికి పక్కనే బడి మడి ఉంది. పిల్లలు నాటినది ఎలా వచ్చిందో చూసి, సాయంత్రం పూట గట్టు మీద నిలబడి మాస్టర్ని వివరాలు అడిగిన రైతులు ఎంతమందో. ఆ పనికి జీతం లేదు, రికార్డు లేదు.

ఇంతకూ ఇదంతా మన సంఘం సభలో ఎందుకని కొందరికి తోచవచ్చు. మనలో ఎక్కువమందికి సెంటు భూమి లేదు. కౌలు చేసినవాళ్ళున్నారు, మామిడితోటలు, నిమ్మతోటలు గుత్తకు పట్టినవాళ్ళున్నారు, పశువుల బేరం చేసినవాళ్ళున్నారు. “భూమి లేని సాయిబుకు వ్యవసాయ గ్రూపెందుకు?” అని మన పెద్దలే అన్నారు. మాస్టర్లు అలా అనలేదు. తోట గుత్తకు పట్టేవాడి కొడుక్కి పూత చూసి కాపు అంచనా వెయ్యడం, తేనెమంచు పురుగును గుర్తుపట్టడం, అంటు కట్టడం నేర్పారు. భూమి పోవచ్చు, కౌలు పోవచ్చు, ఆ విద్య పోదు. ఆ బళ్ళో అంటు కట్టడం నేర్చి, తర్వాత నర్సరీ పెట్టుకుని ఇద్దరు చెల్లెళ్ళ నిఖా చేసిన అన్న ఒకరు మూడో వరసలో కూర్చున్నారు. పేరు చెబితే సిగ్గుపడతారు.

వేదిక మీదున్న ముగ్గురిలో మన జమాతువారు ఒక్కరే. మిగతా ఇద్దరినీ మన సంఘం ఎందుకు సన్మానించాలని కమిటీలో ఒక ప్రశ్న వచ్చింది. ఆ ఇద్దరిలో ఒకరు మన పిల్లలకు భిన్నాల లెక్క చెబుతూ, వాన మీద పండిన పంటలో పదో వంతు, మోటకొట్టి పండించినదాంట్లో ఇరవయ్యో వంతు ఉష్ర్ తియ్యాలని మీ మతంలో ఉంది గదా, లెక్క కట్టండి అని అడిగారట. మన విషయం మన పిల్లలకు గుర్తుచేసిన మనిషికి శాలువా కప్పడానికి ఇంకేం కారణం కావాలి?

అన్నీ గొప్పలే చెప్పడం న్యాయం కాదు. ఆనాడు డి.డి.టి., బి.హెచ్.సి. పొడి చేతికి గుడ్డ కూడా చుట్టుకోకుండా చల్లమన్న పాఠాలూ ఉన్నాయి. పుస్తకంలో అలాగే ఉండేది. తర్వాత వ్యవసాయంలో డి.డి.టి.ని 1989లో ఆపారు, బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. మన పెద్ద మాస్టరుగారు రిటైరయ్యాక కూడా ఊరూరా తిరిగి మందు తగ్గించమని చెప్పడం నేనెరుగుదును. తాను చెప్పిన పాఠాన్ని తానే దిద్దుకునే గురువులు అరుదు.

ఆ మళ్ళు ఇప్పుడు లేవు. పదో తరగతి దాకా అందరికీ ఒకే చదువన్న పద్ధతి వచ్చాక గ్రూపులు పోయాయి. వర్క్ ఎక్స్‌పీరియన్స్ అన్నారు, 1977 తర్వాత ఎస్.యు.పి.డబ్ల్యు. అన్నారు. మాస్టర్లు ఉన్నన్నాళ్ళు ఆ పేర్ల కింద ఏదో ఒకటి పండించారు. వాళ్ళు రిటైరయ్యాక ఖాళీలు నింపలేదు, మడి చోట గదులు లేచాయి. గదులూ కావలసినవే, కాదనను. 2020 జాతీయ విద్యా విధానం 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం కావాలని రాసుకుంది. మన రాష్ట్రంలో కొన్ని హైస్కూళ్ళలో వ్యవసాయం ఒక ట్రేడుగా మళ్ళీ వచ్చింది. అయితే చెప్పేవాళ్ళను ఏజెన్సీల ద్వారా తీసుకుంటున్నారు. వచ్చే ఏడు ఉంటామో ఉండమో తెలియని మనిషి మామిడి అంటు కట్టించి, దాని కాపు పిల్లలకు ఎప్పుడు చూపిస్తాడు?

చివరగా కమిటీవారికి ఒక విన్నపం. మన సంఘం స్కాలర్‌షిప్పులు ఇంజనీరింగుకు, నర్సింగుకు, డిగ్రీకి ఇస్తున్నాం. పదో తరగతి తర్వాత రెండేళ్ళ వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా ఒకటుంది. అది చదివితే అగ్రిసెట్ రాసి బి.ఎస్సీ. అగ్రికల్చర్‌కూ పోవచ్చు. ఎరువులు, పురుగుమందుల దుకాణం లైసెన్సుకు కూడా ఇప్పుడు తగిన చదువో శిక్షణో అడుగుతున్నారు. మన జాబితాలో ఆ డిప్లొమా పేరే లేదు. ఈ ముగ్గురు మాస్టర్ల పేరున రెండు స్కాలర్‌షిప్పులు, అందులో ఒకటి ఆడపిల్లకు, వచ్చే జూన్ నుంచే పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. మొదటి ఏడాదికి ఒకదాని ఖర్చు నేను భరిస్తాను. రెండోదానికి చేతులెత్తేవాళ్ళ పేర్లు, భోజనాలకు లేవకముందే కార్యదర్శిగారు రాసుకోవాలి.